తాళంచెవులు మారిన రోజు

మా ఊరు కామొసాకిలో ఫుసాయె బామ్మ గుసగుసలాడగా విన్నవాళ్లు లేరు. వయసులో ఉన్నన్నాళ్లూ ఇంట్లో పట్టుమగ్గం నేసింది. ఆ మగ్గం చప్పుడు మీదుగా పిల్లలను కేకేసి, చేపలవాడితో బేరమాడి, మొగుడితో పోట్లాడి, గొంతు అక్కడే నిలబడిపోయింది. మగ్గం అమ్మేసి చాలా కాలమైనా గొంతు మాత్రం దిగలేదు. పెరట్లో నిలబడి "ఇది నీకొక్కదానికే చెబుతున్నా" అందంటే సరస్సులో పడవ మీద ఉన్నవాళ్లు కూడా తల తిప్పుతారు.

ఆమె చేతికి ఈ ఏడు గుడి తాళంచెవి వచ్చింది.

మా గుడి చిన్నది. పూజారి లేడు. లోపల ఉన్న కన్నొన్ అమ్మవారిని ఊళ్లోని ఇళ్లే వంతులవారీగా చూసుకుంటాయి. బీవా సరస్సు ఉత్తరపు ఒడ్డున ఇలాంటి గుళ్లు ఊరికొకటి ఉన్నాయి. యాత్రికులు ఒడ్డు వెంట నడుస్తూ ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ పోతారు. ఫలానా రోజు వస్తున్నామని ఫోను చేస్తే, వంతు ఎవరిదైతే వాళ్లు చేస్తున్న పని వదిలేసి, చేతులు కడుక్కుని, వెళ్లి తలుపు తీయాలి, విగ్రహం ఉండే చెక్క మందసం తెరవాలి, అమ్మవారి కథ చెప్పాలి.

మగదిక్కు లేని ఇళ్లను వంతులో కలిపేవాళ్లు కాదు. మొగుడు పోయాక బామ్మదీ అలాంటి ఇల్లే. ఫుసాయె బామ్మ కొత్త కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆ గుడి నేల తుడిచింది, పూలు మార్చింది, యాత్రికులకు టీ కాచింది. మందసం తలుపు మాత్రం తన చేత్తో ఎన్నడూ తీయలేదు. ఇళ్లు తగ్గిపోయి, మిగిలిన మగవాళ్లకు మోకాళ్లు పట్టేశాక, ఈ జనవరిలో ఊరి సమావేశంలో పెద్దాయన కిసాబురో గారు గొంతు సవరించుకున్నారు.

"ఈ ఏడాదికి ఫుసాయెకి ఇచ్చి చూద్దాం. సవ్యంగా జరిగితే కియొనో ఇంటినీ, ఆ పక్క ఇంటినీ కూడా కలుపుదాం. యాత్రికులు వచ్చేసరికి గుడి మూసి ఉందన్న మాట ఒక్కసారి వచ్చిందా, మళ్లీ పాత పద్ధతే."

"మీ వంతులో రెండుసార్లు మూసే ఉంది కదండీ," అంది బామ్మ.

"అప్పుడు నాకు జ్వరం."

"రెండుసార్లూనా?"

కిసాబురో గారు టీ గిన్నె ఎత్తి చాలాసేపు తాగారు. కియొనో అనే ఆవిడ నా పక్కనే కూర్చుని ఉంది. ఆమెదీ ఒంటరి ఇల్లే. నవ్వు ఆపుకోవడానికి ఆమె తన మోకాలిని గిల్లుకోవడం చూశాను.

ఇక తాళంచెవుల సంగతి. ఒడ్డు వెంట, సరస్సులోకి చొచ్చుకొచ్చిన కొండకొమ్ము చుట్టి వెళితే పక్క ఊరు ఇషికుర వస్తుంది. ఫుసాయె బామ్మ పుట్టిల్లు అక్కడే. ఆ ఊళ్లోనూ ఒక కన్నొన్ అమ్మవారు ఉంది. ఒకే చెట్టు మాను నుంచి ఇద్దరినీ చెక్కారని కథ. మొదలుతో చెక్కినది అక్క, కొసతో చెక్కినది చెల్లెలు. మొదలు ఎవరికి వచ్చిందన్న దగ్గరే పేచీ. మా అమ్మవారే అక్కని మేమంటాం, కాదు తమ అమ్మవారేనని వాళ్లంటారు. పూర్వం పెళ్లి సంబంధాలు కూడా ఆ మాట మీద తప్పిపోయాయట. మాటలు ఎలా ఉన్నా, పాత తాళాలు తుప్పు పట్టినప్పుడు రెండు ఊళ్లవాళ్లూ ఒకే కొట్లో చవకగా వస్తున్నాయని ఒకే రకం తాళాలు కొన్నారు. రెండు తాళంచెవులకూ దేవదారు చెక్కముక్కే కట్టారు. రెండు ముక్కల మీదా 'కన్నొన్ గుడి' అనే రాశారు. ఊరి పేరు రాయాలని ఎవరికీ తోచలేదు. ఇంకో గుడి కూడా ఉందని ఒప్పుకుంటేనే కదా పేరు అవసరం.

మే నెలలో ఒక యాత్రికుల బృందం ఇషికుర నుంచి కామొసాకి వరకు నడుస్తామని కబురు పెట్టింది. పొద్దున పది గంటలకు అక్కడి గుడి, మధ్యాహ్నానికి మా గుడి. ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి ముందురోజు సాయంత్రం ఇషికుర వంతుదారు తొకుజి గారు ఫుసాయె బామ్మ ఇంటికి వచ్చారు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే తరగతిలో చదువుకున్నారు. కాల్చిన మాకెరెల్ చేపతో నూడుల్స్ వండింది బామ్మ. చేప తినేటప్పుడూ సాకె సారా తాగేటప్పుడూ గుడి తాళంచెవి ఒంటి మీద ఉండకూడదని మా వైపు పట్టింపు. ఇద్దరూ మెడలోంచి తీసి ఇంట్లోని పూజ అర ముందు పెట్టారు. నేను మా రొయ్యల కొట్టు నుంచి ఉడికించిన రొయ్యలూ సోయా గింజలూ ఇచ్చి వచ్చేశాను. ఆ తర్వాత ఏం జరిగిందో ఊహించడం కష్టం కాదు.

తెల్లారాక నేను రొయ్యల పొయ్యి దగ్గర ఉండగా బామ్మ కిటికీలోంచి తల పెట్టింది.

"చిహో, గట్టిగా మాట్లాడకు."

నేను అసలు మాట్లాడనే లేదు. ఆమె మాటకే పక్కింటి కుక్క లేచింది.

"గుడి ఊడ్చుదామని వెళ్లా. తాళం తిరగట్లేదు. నూనె పోశా, ఊదా, తిట్టా. ఊహూ. ఇది వాడిది. ఆ తొకుజిగాడు నాది తగిలించుకుపోయాడు."

మా ఫోను నుంచే ఇషికురకు కలిపింది. తొకుజి గారి భార్య ఎత్తింది. నాకు ఆవిడ మాటలూ వినిపించాయి, ఫోను చెవికి అంత దూరంగా పెట్టుకుంటుంది బామ్మ.

"ఆయన ఇందాకే మీ దగ్గరికి బయల్దేరారండీ, తాళం తిరగట్లేదని తిట్టుకుంటూ."

"నన్నా?"

"ముందు మీ ఊరిని. తర్వాత మిమ్మల్ని."

"ఫోను తీసుకెళ్లాడా?"

"లేదండీ, బియ్యం డబ్బా మీద ఉంది."

రెండు ఊళ్ల మధ్య కొండలోంచి పోయే రోడ్డు సొరంగాన్ని మరమ్మతులకని ఆ వారమంతా పగటిపూట మూసి ఉంచారు. కారులో వెళ్లాలంటే కొండంతా చుట్టాలి. తొకుజి గారు ఇక్కడిదాకా వచ్చి మళ్లీ వెనక్కి నడిచేలోగా యాత్రికులు ఆయన గుడి ముందు నిలబడతారు. సగం దారిలో ఎదురెళ్లి మార్చుకోవడం ఒక్కటే మార్గం.

"నువ్వూ రా," అంది బామ్మ. "నేనొక్కదాన్నే వెళ్తే కిసాబురో ఎక్కడికని అడుగుతాడు. నీతో వెళ్తే అడవికూర కోయడానికి అనుకుంటాడు. పైగా నువ్వు ఎవరికీ చెప్పవు."

బడి మధ్యలో మానేసిన దగ్గర్నుంచీ నాకు ఊళ్లో ఉన్న పేరు అదొక్కటే. పొయ్యి ఆర్పి, రెండు అన్నం ముద్దలు కట్టుకుని బయల్దేరాను.

గాలి బాగుంది. కొత్తగా నాటిన మళ్లలో నీళ్లు వణుకుతున్నాయి. ఊరు దాటగానే దారి రెల్లు మధ్యకు దిగుతుంది, ఆ తర్వాత సరస్సు ఒక్కసారిగా కుడివైపు తెరుచుకుంటుంది. చేపల కోసం నీళ్లలో పాతిన గుంజల మీద నీటికాకులు రెక్కలు ఆరేసుకుంటున్నాయి. బామ్మ తాళంచెవిని చొక్కా లోపల వేసుకుని, దాన్ని ఒక చేత్తో పట్టుకునే నడుస్తోంది.

"నా పెళ్లప్పుడు ఇక్కడికి పడవలోనే తెచ్చారు తెలుసా. ఇదే గాలి. దార్లో వాంతి చేసుకున్నా. మా అత్త ఒడ్డున నిలబడి, కోడలు ఇంత తెల్లగా ఉందేమిటని మురిసిపోయింది. మర్నాటికి మామూలు రంగు వచ్చేసరికి మోసం అంది."

"మరి మీరేమన్నారు?"

"ఏమంటాను. అదే రోజు మన గుడికి తీసుకెళ్లి, ఇవాళ్టి నుంచీ నీ అమ్మవారు ఈవిడే, మీ ఊరి గుడి మెట్లు ఎక్కొద్దు అంది. ఎక్కలేదు. మా అమ్మ చచ్చిపోయినప్పుడు కూడా కింద నుంచే దణ్ణం పెట్టా."

అడవిపందులు రాకుండా వేసిన కంచెకు తలుపు ఉంటుంది. దాని తాడు విప్పి, దాటి, మళ్లీ కట్టాలి. తాడు కడుతూనే బామ్మ ఆగింది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. పైదారి దేవదారు చెట్ల మధ్య కొండ ఎక్కి దిగుతుంది. కిందిది నీళ్ల పక్కనే గులకరాళ్ల మీదుగా పోతుంది.

"వాడికి మోకాలు అరిగింది," అంది. "కొండ ఎక్కడు. కిందనే వస్తాడు."

కిందికే దిగాం. గులకరాళ్ల మీద బామ్మ నడక కోడిపెట్ట నడకలా ఉంది. ప్రతి మలుపు దగ్గరా "తొకుజీ" అని ఒక కేక వేసేది. రెల్లులోంచి బాతులు లేచేవి. తొకుజి గారు మాత్రం లేవలేదు. కొమ్ము చుట్టేసరికి ఎదురుగా ఇషికుర కప్పులు కనిపించాయి.

"వాడు ఇంకా ఇంట్లోనే తిట్టుకుంటున్నాడేమో," అంది కానీ ఆ మాటలో నమ్మకం లేదు.

తొకుజి గారి భార్య గుడి మెట్ల కింద నిలబడి ఉంది. మమ్మల్ని చూసి, మా వెనక చూసి, ముఖం చిన్నబుచ్చుకుంది.

"ఆయన ఏరీ?"

"నువ్వు చెప్పు. మేం కిందిదారిన వచ్చాం."

"అయ్యో, ఆయన పైదారిన వెళ్లారండీ. మీకు చిన్నప్పటి నుంచీ గులకరాళ్లు పడవని, తప్పకుండా పైనుంచే వస్తారని చెప్పి మరీ వెళ్లారు."

బామ్మ వెనక్కి తిరిగి కొండ మీదికి "తొకుజీ" అని ఒక కేక వేసింది. 

ఈలోగా రోడ్డు మీంచి గంటల చప్పుడు వచ్చింది. తెల్ల చొక్కాలు తొడుక్కున్న యాత్రికులు చేతికర్రలకు గంటలు కట్టుకుని వస్తున్నారు. అందరూ వయసు మళ్లినవాళ్లే. ముందు ఓసాకా యాస మాట్లాడే ఒక పెద్దావిడ, పులిచారల టోపీ పెట్టుకుని, అందరికీ మిఠాయి బిళ్లలు పంచుతూ నడుస్తోంది.

"మీరే తీయండి," అని తొకుజి గారి భార్య బామ్మ వెనక్కి జరిగింది.

"నేనా? నా ఊరే కాదు ఇది. నువ్వు తియ్యి, ఇదుగో తాళం."

"తాళం తీస్తానండీ. కథ ఎవరు చెప్తారు? నేను ఫుకుయి నుంచి వచ్చినదాన్ని, నాకు సగమే తెలుసు. పదిమందిని చూస్తే అదీ పోతుంది. మీరు ఇక్కడ పుట్టినవారు."

బామ్మ మెట్ల వైపు చూసింది. ఎక్కితే అత్త మాట పోతుంది, పైగా కామొసాకిలో తలుపు తీయాల్సిన మనిషి ఇక్కడ ఉందని తేలిపోతుంది. ఎక్కకపోతే తొకుజి గుడి మూసి ఉందన్న మాట ఒడ్డంతా పాకుతుంది. మనసులో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. తర్వాత చెప్పులు విప్పి, మెట్టు మీద కాలు పెట్టింది.

తాళం టక్కున తిరిగింది. మందసం తలుపులు తెరిచే ముందు ఆమె చేతులు రెండుసార్లు తుడుచుకుంది. లోపలి అమ్మవారు మా అమ్మవారికంటే కాస్త పొట్టి, ముఖం మాత్రం అచ్చు అదే. బామ్మ ఆ ముఖాన్ని కాసేపు చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు ఏ కథ చెబుతుందో తెలుసుకోవాలని నేను కాస్త ముందుకు జరిగాను. మా కథ చెబితే ఈవిడ చెల్లెలు అవ్వాలి.

"ఈవిడ మాను మొదలుతో చెక్కిన అమ్మవారండీ," అని మొదలుపెట్టింది బామ్మ. "మా తాత చెప్పేవాడు. ఇద్దరిలో అక్క ఈవిడే."

యుద్ధాలలో ఊరు తగలబడితే అమ్మవారిని సరస్సు అడుగున బురదలో దాచిన సంగతీ, ఎండిన ఏడాది చేపలవాళ్ల వలకు ఆవిడ చెయ్యి తగిలిన సంగతీ, అన్నీ ఇషికురవాళ్లు చెప్పే తీరులోనే చెప్పింది. ఆమె గొంతుకు దీపాలు ఊగాయి.

"చెవిమిషన్ తీసి జేబులో పెట్టుకున్నాను," అంది ఓసాకా ఆవిడ పక్కావిడతో. "అయినా ప్రతి మాటా వినబడుతోంది. ఎంత హాయిగా ఉందో."

వాళ్లను వెంటబెట్టుకుని కిందిదారిన తిరిగి బయల్దేరాం. పొద్దున పరుగున వచ్చిన దారే, ఇప్పుడు మరో దారిలా ఉంది. యాత్రికులు ప్రతిచోటా ఆగారు. ఒకాయన నీళ్లలో చేయి పెట్టి చల్లగా ఉందన్నాడు, ఇంకొకాయన కూడా పెట్టి నిజమే అన్నాడు. రాతి బొమ్మల మెడలో ఎర్ర గుడ్డలు కనిపిస్తే ఒక్కొక్కరూ వంగి దణ్ణం పెట్టారు. బామ్మకు కాలు నిలవడం లేదు. వాళ్ల ముందు పదడుగులు వేసి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు వెళుతోంది.

"ఏమిటమ్మా, పొయ్యి మీద ఏమైనా పెట్టి వచ్చావా?" అని అడిగింది ఓసాకా ఆవిడ, ఆమె చేతిలో ఒక మిఠాయి బిళ్ల పెట్టి.

"అంతకంటే ఎక్కువండీ," అని బామ్మ జరిగింది మొత్తం చెప్పేసింది. గుసగుసగానే మొదలుపెట్టింది కాబట్టి యాత్రికులందరూ విన్నారు.

"అయితే మనం మధ్యాహ్నానికి వెళ్లేసరికి గుడి మూసి ఉంటే, నీ వంతు పోతుంది. వెనకాల ఇంకో ఇద్దరి వంతు కూడా పోతుంది. అంతేనా?"

"తొకుజి దగ్గర నా తాళం ఉంది. వాడు తీసేసి ఉంటే ఒక బాధ, తీయకపోతే ఇంకో బాధ. తీసేసి వాళ్ల కథ చెప్పాడంటే కిసాబురో వాణ్ణి సరస్సులో తోస్తాడు."

ఆ మాట విన్నాక నీళ్లలో చేయి పెట్టేవాళ్లు ఎవరూ ఆగలేదు. కొందరు అన్నం ముద్దలు నడుస్తూనే తిన్నారు.

మా గుడి కనిపించేసరికి తలుపు మూసే ఉంది. వరండాకు ఒక చివర కిసాబురో గారు, ఇంకో చివర తొకుజి గారు కూర్చుని ఉన్నారు. ఇద్దరూ చెరో వైపు చూస్తున్నారు. తొకుజి గారి పిడికిలి మోకాలి మీద బిగిసి ఉంది.

"గంట నుంచీ అడుగుతున్నా, తాళం ఇవ్వడు," అన్నారు కిసాబురో గారు, మేము దగ్గరకు రాకముందే. "నేనే తీస్తానన్నా. వినడు."

"వంతు ఎవరిదో వాళ్ల చేతికే ఇస్తా," అన్నారు తొకుజి గారు. "నా తాళం ఫుసాయె అటు తీసుకెళ్లి ఉంటుందనే ఇక్కడ ఆగా. పరాయి ఊరి గుడి నేనెలా తీస్తాను? వంతు లేని మనిషికి ఎలా ఇస్తాను?"

"నేను ఊరిపెద్దని."

"అయితే? తాళంచెవి మీద మీ పేరు ఉందా?"

కిసాబురో గారు కర్ర ఆనించుకుని లేచారు. "చూశావా ఫుసాయె. యాత్రికులు వచ్చారు. గుడి మూసి ఉంది."

బామ్మ జవాబు చెప్పేలోపు ఓసాకా ఆవిడ చెయ్యెత్తింది.

"మేమింకా రాలేదండీ. మెట్లెక్కితే కదా వచ్చినట్టు. ముందు చేతులు కడుక్కోవాలి." అని తనవాళ్ల వైపు తిరిగి, "ఒక్కొక్కరే. తోసుకోకండి. వేళ్ల మధ్య కూడా," అంది.

గుడి పక్కన రాతి తొట్టి ఉంది. దాని దగ్గర వరసలో నిలబడి వాళ్లు చేతులు కడుక్కున్నంత నింపాదిగా ఎవరూ కడుక్కోగా నేను చూడలేదు. ఒకాయన మోచేతుల దాకా కడిగాడు. ఈలోగా బామ్మ వరండా ఎక్కింది. తొకుజి గారు పిడికిలి విప్పారు. తాళంచెవి ముద్ర ఆయన అరచేతిలో ఎర్రగా పడి ఉంది.

"పైనుంచి ఎందుకొచ్చావురా, మోకాలు పెట్టుకుని?"

"నీకు రాళ్లు పడవుగా."

"నోర్ముయ్," అని చెవి అందుకుని బామ్మ తాళం తీసింది.

ఆఖరి మనిషి చేతులు తుడుచుకునేసరికి మందసం తెరిచి ఉంది, అగరొత్తి వెలుగుతోంది. బామ్మ కథ మొదలుపెట్టింది. మాను మొదలు మాట దగ్గరకు వచ్చేసరికి ఎప్పుడూ మా ఊళ్లో చెప్పేదే చెప్పింది. ఇద్దరిలో అక్క ఈవిడే.

మోచేతులు కడిగిన ఆయన నుదురు ముడిచాడు. "ఇందాక అక్కడ కూడా అక్కే అన్నారు కదండీ?"

కిసాబురో గారి తల మెల్లగా బామ్మ వైపు తిరిగింది. నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది.

"అన్నానండీ," అంది బామ్మ. "అక్కడ ఆవిడ ముఖం చూస్తూ నువ్వు చిన్నదానివని ఎలా అంటాను? ఇక్కడ ఈవిడ ముందు మాత్రం ఎలా అంటాను? మీరు మీ అత్తగారింట్లో కూర్చుని, పుట్టింటి పచ్చడే బాగుంటుందని ఎప్పుడైనా అన్నారా?"

యాత్రికులలో ఆడవాళ్లు ఒక్కసారి గొల్లుమన్నారు.

"ఈయన అన్నాడు," అని మోచేతుల ఆయన భార్య వెనక నుంచి చెప్పింది. "మా పుట్టింట్లోనే కూర్చుని అన్నాడు. రెండు పూటలు అన్నం పుట్టలేదు."

వాళ్లు టీ తాగి, గంటలు మోగించుకుంటూ బస్సు వైపు వెళ్లేదాకా కిసాబురో గారు కర్ర గడ్డం కింద ఆనించుకుని వరండా చివరనే కూర్చున్నారు. నేను గిన్నెలు సర్దుతూ ఆయననే గమనిస్తున్నాను.

"అక్కడ ఆవిడని అక్క అన్నావా?" అని అడిగారు చివరికి.

"అన్నాను."

"గట్టిగానా?"

"నాకు ఇంకోలా రాదు కదండీ."

ఆయన తొకుజి గారి వైపు తిరిగారు. "మీవాళ్లు మా అమ్మవారిని ఎప్పుడైనా అలా అన్నారా?"

"గంట నుంచీ ఇక్కడ కూర్చున్నాను. ఒక్కసారైనా చెల్లెలన్నానా?"

"నోరు మూసుకు కూర్చున్నావు."

"మా ఊళ్లో అది చాలా ఎక్కువ," అన్నారు తొకుజి గారు.

కిసాబురో గారి మీసం కింద ఏదో కదిలింది. దగ్గు అనుకోవచ్చు. బామ్మ మాత్రం ఇంకా నిలబడే ఉంది, తాళంచెవి రెండు చేతులతో పట్టుకుని.

"ఇంతకీ గుడి మూసి ఉన్నట్టా, తెరిచి ఉన్నట్టా? అది చెప్పండి ముందు. నాకు కాళ్లు లాగుతున్నాయి."

"వచ్చినవాళ్లలో చూడకుండా వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"లేరు."

"అయితే తెరిచి ఉన్నట్టే," అన్నారాయన. "వచ్చే ఏడు కియొనోది. చెప్పు ఆమెకి."

"మీరే చెప్పండి. పెద్దవారు, మీ నోటితో వింటేనే నమ్ముతుంది."

"ఇప్పుడా?"

"ఇంట్లోనే ఉంది. బట్టలు ఆరేస్తోంది."

ఆయన కర్ర తీసుకుని, గొణుక్కుంటూ మెట్లు దిగారు. నేను గిన్నెలు కడగడానికి కుళాయి దగ్గరకు వెళ్లాను. అక్కడి నుంచి కియొనో ఇంటి ముంగిలి కనిపిస్తుంది. ఆమె తడి దుప్పటి పక్కనుంచి తల బయటపెట్టి, ఆయనను చూసి, గబగబా చేతులు తుడుచుకుంది. ఆయన ఏం చెప్పారో వినిపించలేదు. చెప్పడం ఒక్క నిమిషంలో అయిపోయింది. అయినా ఆయన వెనక్కి తిరగలేదు. కియొనో ఇంటి లోపలికి చెయ్యి చూపి, టీ తాగుతారా అన్నట్టు ఏదో అడిగింది. ఆయన మొదట తల అడ్డంగా ఊపి, ఆ తర్వాత వంగి, చెప్పులు విప్పి లోపలికి వెళ్లారు.